లాకులపేటలో చూపుడువేలు

ఇంగ్లీషు దొరలు లాకులపేటలో వదిలి వెళ్ళినవి రెండే. ఒకటి కాలవ మీద నీళ్ళు ఆపే లాకులు, రెండోది లాకుల పక్కన ఒక పాత గోడ. లాకులు ఎలాగూ తుప్పుపట్టి పోయాయి కాబట్టి, ఆ గోడ పడగొట్టి అక్కడ పబ్లిక్ మరుగుదొడ్లు కట్టిద్దామని మునిసిపాలిటీ సంకల్పించింది. పడగొడుతుంటే పునాదిలోంచి ఒక నల్లరాయి ముక్క బయటపడింది. దాని మీద ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట చెక్కి ఉంది: హిదర్.

కంట్రాక్టరు అది దొరగారి పేరనుకున్నాడు. సమాధి మీద గునపం వేశానేమోనని భయపడి కొబ్బరికాయ కొట్టాడు. ఇంజనీరు అది రాయి అమ్మిన కంపెనీ పేరని తేల్చాడు. కమిషనరు ప్రద్యుమ్నరావు మాత్రం రాతి చుట్టూ ఒకసారి తిరిగి, "దీని వెనక చరిత్ర ఉంది" అన్నాడు. వెనక్కి తిప్పి చూశారు. మట్టి ఉంది.

ఊళ్ళో ఇంగ్లీషు నికార్సుగా వచ్చినవాడు ఎవరని ఆరా తీసి, మునిసిపల్ జూనియర్ కాలేజీ లెక్చరర్ దువ్వూరి పేరిశాస్త్రి కోసం జీపు పంపించారు. పేరిశాస్త్రి ఇంటిముందు జీపు ఆగడం అదే మొదలు. ఆయనకి పాతకాలపు ఇంగ్లీషంటే ప్రాణం. క్లాసులో ఆ మాటలు ఎత్తితే పిల్లలు "ఇది సిలబస్‌లో ఉందాండీ?" అని అడిగేవారు. ఇంట్లో ఎత్తితే భార్య అనసూయమ్మ మిక్సీ వేసేది. అలాంటి మనిషికి ఎండలో, మట్టిలో, తన మాట రాతి మీద కనిపించేసరికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"హిదర్ అంటే ఇటు అని అర్థమండి. ఇప్పుడెవరూ వాడరు. దీనికి తోబుట్టువులు చాలా ఉన్నాయండి. దిదర్ అంటే అటు. విదర్ అంటే ఎటు. యాండర్ అంటే అల్లంత దూరాన. హెన్స్ అంటే ఇక్కణ్ణించి, వెన్స్ అంటే ఎక్కణ్ణించి..."

ఇటు అనే మాటకి ఇంత బలగం ఉందని కమిషనరుకి అంతవరకూ తెలియదు. "శాస్త్రిగారూ, ఇంత సంపద పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నారండీ మీరు?" అన్నాడు.

పేరిశాస్త్రి ఆ ఒక్క మాటకి పడిపోయాడు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆ మాట ఎవరైనా అంటారేమోనని చూస్తున్న మనిషి పడిపోక ఏం చేస్తాడు?

వారం తిరక్కుండా కౌన్సిలు సమావేశం పెట్టారు. కమిషనరు నిలబడి తీర్మానం చదివాడు. "పట్టణమందలి ప్రాచీన దిశానిర్దేశక వ్యవస్థను పునరుద్ధరించి, తద్వారా వారసత్వ పట్టణ హోదాకు అర్హత సంపాదించు నిమిత్తం, ఇకమీదట అన్ని కూడళ్ళ యందు హిదర్, దిదర్, యాండర్ ఆదిగాగల పదములతో కూడిన ఫలకములు మాత్రమే ఏర్పాటు చేయవలెనని తీర్మానించడమైనది."

"అంటే బస్టాండు అని రాసి, పక్కన ఈ దిదర్ అని రాస్తారాండీ?" అని ఏడో వార్డు సభ్యుడు అడిగాడు.

"బస్టాండు అని రాయం" అన్నాడు కమిషనరు. "పేరు కూడా రాస్తే జనం పేరు చదివేసి వెళ్ళిపోతారు. ప్రాచీన పదం నిరాదరణకు గురవుతుంది."

"పోనీ బాణం గుర్తు?"

"బాణం ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. మన విశిష్టత ఏం కావాలి?"

"మరి బస్టాండుకెళ్ళేవాడికి ఎలా తెలుస్తుందండీ?"

"తెలుసుకోవాలన్న తపన ప్రజల్లో రగిలించడమే వారసత్వ పరిరక్షణ పరమార్థం" అన్నాడు కమిషనరు. ఏడో వార్డు సభ్యుడు బల్ల చరిచాడు. ఆయన చరిచాడు కాబట్టి మిగతావాళ్ళూ చరిచారు.

పేరిశాస్త్రికి చిన్న అనుమానం వచ్చింది. లేచి, "ఒక్క మనవి అండి. ఇటు, అటు అనేవి నిలబడ్డ మనిషిని బట్టి మారతాయండి. బోర్డుకి ఆ సంగతి తెలియదు కదండీ" అన్నాడు. కమిషనరు చాలా సంతోషించి, ఆ అంశం పరిశీలించడానికి సబ్ కమిటీ వేసి, దానికి పేరిశాస్త్రినే అధ్యక్షుణ్ణి చేశాడు. దిశా సలహాదారు అని బోర్డు, వీపు దగ్గర తెల్ల తువ్వాలు కప్పిన కుర్చీ కూడా ఇచ్చారు. ఆ కుర్చీలో కూర్చున్నాక అనుమానం మళ్ళీ రాలేదు.

బోర్డులు వచ్చాయి. గడియారం సెంటర్లో నాలుగు రోడ్లు కలుస్తాయి. నాలుగింటి మీదా దిదర్ అనే రాశారు, అక్కడ నిలబడ్డవాడికి నాలుగూ అటే కాబట్టి. ఊరి చివరి వీధులన్నీ యాండర్ అయ్యాయి. పేరిశాస్త్రి ఉండే సున్నంబట్టీ వీధి కూడా యాండర్‌లో కలిసిపోయింది.

ఆయన కూతురు కుముద అప్పటికి పురిటికి వచ్చి పుట్టింట్లోనే ఉంది. నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉందని, నొప్పులు మొదలైతే అర క్షణం ఆలస్యం చేయకుండా ఆంబులెన్సు పిలిచి కాలవ అవతలి పెద్దాసుపత్రికి తీసుకొచ్చేయమని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. కుముద గుమ్మంలో కుర్చీ వేసుకుని, వీధి మొగలో బిగిస్తున్న బోర్డుకేసి చూసింది.

"నాన్నా, రేపు నాకు నొప్పులొస్తే బండివాడికి మనిల్లు ఎలా తెలుస్తుంది?"

"యాండర్ అని స్పష్టంగా రాశారు కదమ్మా."

"కడుపులో బిడ్డకే ఎటు తిరగాలో తెలీలేదు. ఇప్పుడు బయటివాళ్ళకి కూడా తెలీకుండా చేశావు" అంది కుముద. అనసూయమ్మ వంటింట్లోకి వెళ్ళింది. మిక్సీ వేసింది.

నిజానికి మొదట్లో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఎందుకంటే లాకులపేటలో దారి అడగడమంటే ఒక వేడుక. అడిగేవాడు ఒకడైతే చెప్పేది వీధంతా. కొట్లోంచి ఒకడు, అరుగు మీంచి ఇద్దరు, మేడమీద బట్టలారేసే ఆవిడ, అందరూ చేతులు చాపుతారు. "ఇలా ఎగువకెళ్ళి కాలవ దాటండి" అని ఒకరంటే, "అటెందుకండీ బాబూ, దిగువ నించి పల్లంలోకి దిగిపోతే దగ్గర" అని ఇంకొకరు. వాళ్ళలో వాళ్ళు కాసేపు పోట్లాడుకుని, చివరికి ఎవరో ఒకరు చెప్పులేసుకుని "ఇయన్నీ ఎందుకు గానీ, రండి, సూపిత్తాను" అని బయల్దేరతారు. బోర్డు మీద ఏం రాసి ఉందో చూసే తీరిక ఎవరికీ ఉండదు.

కమిషనరుకి ఇక్కడే మండింది. బోర్డులకేసి ఒక్కడూ తలెత్తి చూడటం లేదు. "పౌరుల హస్త విన్యాసాల వల్ల ఫలకముల ప్రాశస్త్యం సన్నగిల్లుచున్నది" అని నోట్ రాసి, వెంటనే ఉత్తర్వు వేశాడు. పట్టణ పరిధిలో ఎవరైనా వేలితోగానీ, చేతితోగానీ, గడ్డంతోగానీ, కనుబొమ్మతోగానీ దిక్కు చూపించుట నిషిద్ధం. నోటితో చెప్పునది ఫలకముల మీది పదములతోనే చెప్పవలెను. చూపించినవారు ఆదివారం పూట కాలేజీలో జరిగే దిశా సంస్కార తరగతికి హాజరు కావలెను. బోధకులు: శ్రీ దువ్వూరి పేరిశాస్త్రి.

అమలు చేసే బాధ్యత శానిటరీ ఇన్‌స్పెక్టరు కొప్పిశెట్టి మీద పడింది. అతను దోమల మందు కొట్టించడం ఆపేసి, మెడలో ఈల తగిలించుకుని గడియారం సెంటర్లో నిలబడ్డాడు. మొదటిరోజు దొరికినవాళ్ళలో బజ్జీల బండి నూకాలు ఉంది. "నేను చెయ్యెత్తలేదు బాబూ, నూనెలోంచి గరిటె ఎత్తాను. అది అటు తిరిగితే నేనేం చేసేది?" అని మొత్తుకుంది. సంగతి సబ్ కమిటీ దాకా వచ్చింది. గరిటె అనేది చేతికి కొనసాగింపేనని పేరిశాస్త్రి తువ్వాలు కప్పిన కుర్చీలో కూర్చుని తేల్చాడు.

తర్వాత ఒక పెళ్ళిలో పురోహితుడు దొరికాడు. కొత్త దంపతులకి అరుంధతీ నక్షత్రం చూపిస్తుండగా ఈల వినబడింది.

"ఆకాశం మునిసిపాలిటీ పరిధిలోకి రాదు కదా నాయనా!" అన్నాడు పురోహితుడు.

"ఆకాశం రాదండి. వేలు వస్తాదండి" అన్నాడు కొప్పిశెట్టి.

ఆ ఆదివారం పురోహితుడు, పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఒకే బెంచీ మీద కూర్చుని యాండర్ అని పలకడం నేర్చుకున్నారు. పేరిశాస్త్రికి మాత్రం ఆ ఆదివారాలు పండగలు. క్లాసు నిండుగా ఉండేది. గుమ్మంలో కొప్పిశెట్టి కాపలా ఉంటాడు కాబట్టి మధ్యలో ఎవరూ లేచిపోయేవారు కాదు. సిలబస్‌లో ఉందా అని అడిగేవాడు అసలే లేడు.

ఇంతలో మరుగుదొడ్లకి పునాదులు తవ్వుతుంటే రాయి రెండో ముక్క దొరికింది. కమిషనరు, పేరిశాస్త్రి వెళ్ళి రెండు ముక్కలూ కలిపి చూశారు. పగులు సరిగ్గా అతికింది. మొత్తం వాక్యం ఇది: కమ్ నాట్ హిదర్. ఇటు రావద్దు అని. లాకుల గట్టు మీదికొచ్చి జనం నీళ్ళలో పడుతున్నారని ఏ దొరో పాతించిన రాయి. అంతకుమించి దానికి ఏ చరిత్రా లేదు.

కమిషనరు చుట్టూ ఒకసారి చూశాడు. "ఇది ఇంకెవరైనా చదివారా?"

"ఊళ్ళో చదవగలిగేది నేనొక్కణ్ణేనండి."

"అయితే ఎవరూ చదవలేదు" అన్నాడు కమిషనరు. సాయంత్రానికి నోట్ తయారైంది. రెండవ శకలము మొదటి శకలము యొక్క స్ఫూర్తికి విరుద్ధముగా నున్నందున దానిని యథాస్థానమున పూడ్చివేయడమైనది. పేరిశాస్త్రి సంతకం పెట్టాడు. పెట్టేముందు నోట్ రెండుసార్లు చదివాడు. కానీ పెట్టాడు.

ఆ తర్వాతి బుధవారం, మధ్యాహ్నం భోజనాల వేళ, కుముద గోడ పట్టుకుని నిలబడిపోయింది. "అమ్మా" అంది. ఆ పిలుపు వినగానే అనసూయమ్మ గిన్నె కింద పడేసింది. పేరిశాస్త్రి ఆంబులెన్సుకి ఫోను చేశాడు. మునిసిపల్ ఆంబులెన్సు ఇప్పుడు కొత్తగా పెట్టిన దిశా కేంద్రం చేతిలో ఉంది. ఆయన స్వయంగా తర్ఫీదు ఇచ్చిన అమ్మాయే ఫోను తీసింది.

"చెప్పండి, మీరు ఎక్కడున్నారు?"

"నేనమ్మా, పేరిశాస్త్రిని. మా ఇంటికి, సున్నంబట్టీ వీధికి..."

"ఆ పేరు రద్దయిందండి సార్. కంప్యూటర్ తీసుకోవట్లేదండి. పాత ఇంగ్లీషులో చెప్పండి."

"యాండర్!"

"యాండర్ కొడితే సగం ఊరు వస్తోందండి."

"ఇక్కడమ్మా! హిదర్!"

"మీకు హిదర్ అయితే మాకు దిదర్ అవుద్దని మీరే కదండీ ట్రైనింగులో చెప్పారు. దిదర్ అనే రాసి పంపిస్తున్నానండి. బండి బయల్దేరింది సార్" అని ఆ పిల్ల చాలా మర్యాదగా పెట్టేసింది.

బండి నడిపేవాడు ఓబులేసు. కడప వైపు నుంచి కొత్తగా వచ్చాడు. ఊరు తెలియదు. కాసేపటికి అతనే ఫోను చేశాడు. "సార్, యాడుండారు మీరు? ఈడ నాలుగు పక్కలా దిదర్ అనే రాసినారు. ఏ దిదర్‌కు రావల్ల?"

"ఎగువ రోడ్డు పట్టుకో! ఎవరినైనా అడుగు నాయనా! ఫోన్లో మ్యాపు చూడు!"

"ఏది ఎగువో నాకేం తెలుసు? మ్యాపు కాలవలోకి పొమ్మంటాంది సార్. జనాల్ని అడిగితే అందరూ దిదర్, దిదర్ అంటాండారు. ఒక్కడూ చెయ్యి చూపించడు. చేతులు కట్టేసినట్టు నిలబడుకోనుండారు."

లోపల కుముద అరిచింది. పేరిశాస్త్రి ఫోను అక్కడే పడేశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. ఎండకి తారు కాలుతోంది. సైరన్ వినబడుతూనే ఉంది. ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా. తన పిల్లని తనే చంపుకుంటున్నానని ఆయనకి అర్థమైంది.

గడియారం సెంటర్లో ఆంబులెన్సు తిరుగుతోంది. చుట్టూ జనం నిలబడి ఉన్నారు. అందరూ ఆయన విద్యార్థులే. చంకల్లో చేతులు పెట్టుకున్నవాళ్ళు, జేబుల్లో పెట్టుకున్నవాళ్ళు. నూకాలు తన రెండు చేతులూ పైటకొంగుతో చుట్టుకుంది, అలవాటుగా లేచిపోతాయేమోనని. కిటికీలోంచి ఓబులేసు తల బయటపెట్టి దణ్ణం పెట్టి అడుగుతుంటే, అందరూ ఒక్క గొంతుతో, స్పష్టంగా, ఆయన నేర్పించినట్టే "దిదర్ అండీ" అంటున్నారు. పక్కనే కొప్పిశెట్టి ఈల నోట్లో పెట్టుకుని ఉన్నాడు.

పేరిశాస్త్రి రోడ్డు మధ్యకి వెళ్ళి, చూపుడువేలు చాపి, చెయ్యంతా ఊపుతూ అరిచాడు. "ఇలా! ఇలా ఎగువకి! సున్నంబట్టీ వీధి! నా కూతురయ్యా!"

ఈల మోగింది. "సార్! మీరే చూపించేత్తే ఎలాగండీ!" అని కొప్పిశెట్టి లబోదిబోమన్నాడు.

నూకాలు కొంగు విప్పేసింది. "ఓరి నీ ఈల మండిపోనూ! నిండు చూలాల్రా!" అని గరిటె పట్టుకుని ఎగువకి చూపించింది. అంతే, జేబుల్లోంచి, చంకల్లోంచి చేతులన్నీ బయటికొచ్చాయి. సెంటర్ నుంచి సున్నంబట్టీ వీధి దాకా, అక్కణ్ణించి కాలవ దాటి పెద్దాసుపత్రి దాకా, కొట్ల ముందు, అరుగుల మీద, మేడల మీద జనం చేతులు చాపి నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురు అలవాటు కొద్దీ వేరే దారి దగ్గరని పోట్లాడుకున్నారు కూడా. ఓబులేసు బోర్డుల వంక చూడకుండా చేతుల వెంబడి బండి పోనిచ్చాడు.

ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరి సంగతీ చెప్పలేకపోయేదాన్నని డాక్టరమ్మ అంది. పేరిశాస్త్రి ఆ మాట విని గోడకి ఆనుకుని ఏడ్చాడు. అనసూయమ్మ పసిగుడ్డుని తెచ్చి చూపించింది. ఆ పిల్ల తాతగారి చూపుడువేలు పట్టుకుని వదల్లేదు.

ఆదివారం తరగతికి బెంచీలు చాలలేదు. బుధవారం చెయ్యి ఎత్తినవాళ్ళందరినీ, అంటే ఇంచుమించు ఊరంతటినీ, కొప్పిశెట్టి రాసుకున్నాడు. మొదటి పేరు పేరిశాస్త్రిదే. ఆయన వేదిక ఎక్కి హాజరు పిలిచి, తన పేరు దగ్గర తనే "ప్రెజెంట్" అన్నాడు. పాఠం మాత్రం మొదలుపెట్టలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

ఆ రోజే వారసత్వ హోదా పరిశీలన బృందం రావాలి. కమిషనరు వాళ్ళని జీపులో ఎక్కించుకుని తరగతి చూపించడానికి బయల్దేరాడు. పూర్తిగా బోర్డుల ప్రకారమే వెళ్దామని బృందం వాళ్ళు ముచ్చట పడ్డారు. డ్రైవరుకి దారి తెలుసు. కానీ తెలిసినట్టు కనపడొద్దని ఆర్డరు. జీపు కాలేజీ ముందునించి ఒకసారి అటు వెళ్ళింది. ఇంకోసారి ఇటు వెళ్ళింది. తర్వాత కాలవగట్టు దాకా పోయి, దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చింది. తరగతి మొత్తం కిటికీల దగ్గర చేరి, చేతులు వెనక్కి కట్టుకుని, నిబంధన ప్రకారం చూస్తోంది.

చివరికి కమిషనరు జీపులోంచి తల బయటపెట్టాడు. మొహమంతా చెమట.

"శాస్త్రిగారూ! గేటు ఎటండీ?"

"హిదర్!" అని ఊరంతా ముక్తకంఠంతో చెప్పింది. ఉచ్చారణలో వంక పెట్టడానికి లేదు.

"హిదరంటే ఎటయ్యా చావడం! ఇటా? అటా?" అని కమిషనరు రెండు చేతులూ రెండు వైపులా చాపాడు.

ఈల మోగింది. కొప్పిశెట్టి కావాలని ఊదింది కాదు. ఇన్ని రోజుల ఉద్యోగంలో చెయ్యి కనిపిస్తే ఊపిరి దానంతటదే ఈలలోకి పోతోంది. ఊదాక తనే గతుక్కుమన్నాడు. కానీ బృందం వాళ్ళు అమలు తీరు చూసి ఎంతో మెచ్చుకుని, పుస్తకాలు తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. ఇక వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా పోయింది.

"క్షమించాలండి. ఉత్తర్వు తమరిదేనండి" అని గొణుగుతూ కమిషనరుని తరగతిలోకి తీసుకొచ్చాడు కొప్పిశెట్టి. వెనకే బృందం. గది కిక్కిరిసి ఉంది. కమిషనరు గుమ్మంలో నిలబడి, చోటు కోసం అటూ ఇటూ చూసి, ఏమీ తోచక వేదిక మీదున్న మనిషిని అడిగాడు.

"ఎక్కడ కూర్చోమంటారు శాస్త్రిగారూ?"

రాజుల కాలం నాటి ఇంగ్లీషు మాట ఒకటి పేరిశాస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన దాన్ని మింగేసి, మనవరాలు పట్టుకున్న ఆ వేలే ఎత్తి, మొదటి బెంచీ చూపించాడు.

నూకాలు కాస్త జరిగి చోటిచ్చింది.